అమ్మ ఇంటిపేరు, నాన్న తుపాకి

కరోనా రెండో ఏడు చివర్లో రోజుకి రెండుసార్లు నా నుదుటికి తుపాకి పెట్టేవారు. పొద్దున డ్యూటీకి వచ్చేటప్పుడు ఒకసారి, మధ్యాహ్నం మెస్ నుంచి తిరిగొచ్చేటప్పుడు ఒకసారి. అబుదాబి పారిశ్రామికవాడ ఐకాడ్‌లో మా ఇనుప పనుల ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ ఆయన చేతిలో జ్వరం చూసే మిషను ఉండేది. టెంపరేచర్ గన్ అనేవాళ్లం దాన్ని. ఆయన రెండు చేతులా పట్టుకుని, ఒక కన్ను మూసి, గురి చూసి మరీ నొక్కేవాడు. ముప్పై ఆరున్నర అని చదివి, "పాస్, బ్రదర్. ఇవాళకి నువ్వు బతికే ఉన్నావు" అనేవాడు.

ఆయనది ఫిలిప్పీన్స్. యాభై దాటాయి. వాళ్ల భాషలో అన్నను కుయా అంటారు. ఏ దేశంవాడైనా సరే, ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని కుయా అనే పిలిచేవారు. ఇక్కడికి రాకముందు వాళ్ల ఊళ్లో ఒక బ్యాంకు ముందు అసలు సిసలు తుపాకి భుజాన వేసుకుని పన్నెండేళ్లు నిలబడ్డాడట. ఇక్కడ ఇచ్చింది టార్చిలైటు, విజిలు, కరోనా పుణ్యమా అని ఈ ప్లాస్టిక్ గన్ను.

"మరి ఇది ప్రమోషనా, డిమోషనా కుయా?" అని అడిగాను ఒకసారి.

"అక్కడ నా తుపాకి చూసి జనం పక్కకి జరిగేవాళ్లు. ఇక్కడ తల వంచుకుని దగ్గరికొస్తున్నారు. నువ్వే చెప్పు."

మా ఇద్దరి మధ్య నడిచే భాషలో సగం ఇంగ్లీషు, పావు హిందీ, మిగిలిన పావు చేతులు. ఇక్కడ ఆయన మాటల్ని తెలుగు చేసింది నేనే కాబట్టి అందులో తప్పులుంటే నావే. ఆయన విషయంలో నేను చేసిన తప్పుల్లో అవి చాలా చిన్నవి.

నేను ఆ ఫ్యాక్టరీలో టైమ్ కీపర్ని. పేరు వింటే కాలాన్ని కాపలా కాసేవాడిలా ఉంటుంది కానీ నేను కాసేది వేలిముద్రల మిషన్ని. ఎవరు ఎన్నింటికి వచ్చారో రాసిపెట్టడం నా పని. నేను ఎన్నింటికి వస్తున్నానో రాసేవాడు లేకపోవడం నా అదృష్టం. దానికి తోడు మేమంతా ఉండే లేబర్ క్యాంపులో నాకు ఇంకో హోదా ఉండేది. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు టైపు చేయగలిగినవాడు లాయరుతో సమానం. సెలవు దరఖాస్తులు, పాస్‌పోర్టు ఫారాలు, పాత కంపెనీకి వేడుకోళ్లు, అన్నీ నా దగ్గరికే వచ్చేవి. జనానికి నా మీద గురి. నాకు కూడా నా మీద గురే. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

నవంబరులో ఒక మధ్యాహ్నం కుయా టైమ్ ఆఫీసుకి వచ్చాడు. మడతపెట్టిన కాగితం నా ముందు పెట్టాడు. ఆ ఎండాకాలంలోనే వాళ్ల నాన్న పోయాడు. విమానాలు దొరక్క, దొరికినా అక్కడ దిగాక హోటల్లో ఒంటరిగా ఉండాల్సిన రోజులకి సెలవు చాలక, అంత్యక్రియలు ఫోనులో చూశాడు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. తెలియనిది ఇప్పుడు చెప్పాడు.

"బ్రదర్, మా నాన్న ఒక తుపాకి వదిలి వెళ్లాడు."

నేను లేచి తలుపు దగ్గరికి వేశాను. ఈ దేశంలో ఆ మాట గట్టిగా అనాలన్నా లైసెన్సు కావాలేమో అని నా భయం.

"భయపడకు, లైసెన్సున్న తుపాకే," అన్నాడు. "ఉండేది, అనాలి."

కుర్చీ లాక్కుని కూర్చుని, వాళ్ల దేశం పద్ధతి చెప్పాడు. అక్కడ మామూలు మనిషి తుపాకి పెట్టుకోవచ్చు. కాకపోతే మూడు కాగితాలు కావాలి. తుపాకి ఉంచుకునేందుకు మనిషికో లైసెన్సు, తుపాకికి విడిగా రిజిస్ట్రేషను, ఆ ఇద్దరూ కలిసి వీధిలోకి వెళ్లాలంటే ఇంకో పర్మిటు. మొదటి లైసెన్సు చేతికి రావాలంటే మత్తుమందులు వాడటం లేదని పరీక్ష, పోలీసుల దగ్గర మచ్చ లేదని కాగితం, జాగ్రత్తగా పట్టుకోవడం మీద ఒక క్లాసు, ఆఖరికి మతి సరిగ్గా ఉందని డాక్టరు మాట.

"మతికి కూడా పరీక్షనా?" అన్నాను. "లైసెన్సులో సెన్సు ఉందో లేదో చూస్తారన్నమాట."

నా చమత్కారాన్ని కుయా పట్టించుకోలేదు. మనిషి పోతే లైసెన్సు కూడా పోయినట్టేనట. తుపాకి ఇంట్లో ఉండకూడదు. పోలీస్ స్టేషనులో అప్పగించాలి. శాశ్వతంగా ఇచ్చేయొచ్చు, లేదా వారసుల్లో ఒకరు సొంతంగా లైసెన్సు తెచ్చుకునేదాకా అక్కడ భద్రంగా ఉంచమనొచ్చు. గడువు తీరిన లైసెన్సుల చిట్టా పట్టుకుని పోలీసులు ఇల్లిల్లూ తిరిగి తలుపు తడతారు. ఇవన్నీ అలా ఉంచి, వచ్చే మేలో వాళ్లకి ఎన్నికలు. జనవరి రెండో వారం నుంచి ఎవరి తుపాకీ గడప దాటకూడదు, పర్మిట్లన్నీ రద్దు. దారిలో చెక్‌పోస్టులు.

"మా అమ్మకి డెబ్బై ఆరు. తుపాకి బియ్యం డబ్బాలో ఉంది. ఆ లోపల అప్పగించకపోతే, తలుపు తట్టినప్పుడు తలుపు తీసేది ఆవిడే."

"మరి ఇచ్చేస్తే ఖలాస్ కదా కుయా?"

ఆయన కాసేపు కాగితం మడతల్ని బొటనవేలితో నొక్కుతూ కూర్చున్నాడు. వాళ్ల నాన్న ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చి, బల్ల మీద పేపరు పరిచి, ఆ రివాల్వరు విప్పి తుడిచేవాడట. తుడుస్తున్నంతసేపూ ఈయన ఎదురుగా కూర్చుని నూనెసీసా అందించేవాడట. జీవితం మొత్తం మీద ఆ తుపాకి ఒకేసారి పేలింది. ఒక కొత్త సంవత్సరం నాడు పెద్దాయన సరదాపడి ఆకాశంలోకి కాల్చాడు. వాళ్లమ్మ ఆయనతో నెల రోజులు మాట్లాడలేదు.

"నాకు కావాలి బ్రదర్," అన్నాడు. "వెళ్లినప్పుడు పరీక్షలన్నీ రాసి నా పేరు మీద తెచ్చుకుంటాను. అప్పటిదాకా స్టేషనులో దాచమని, నా తరఫున మా అమ్మ అప్పగిస్తుందని కాగితం రాయాలి. ఎంబసీలో ముద్ర వేయించి పంపుతాను."

మడత విప్పితే అందులో అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలు. ఆయన పూర్తి పేరు, నాన్న పేరు, అమ్మ పేరు, తుపాకి నంబరు.

ఆ రోజు సాయంత్రమే టైపు చేశాను. ఇక్కడే వేలు పెట్టాను. కీబోర్డు మీద కాదు, పెట్టకూడని చోట. వాళ్లమ్మ పేరులో మూడు ముక్కలున్నాయి. మొదటిది ఆవిడ పేరు, చివరిది భర్త ఇంటిపేరు. మధ్యలోది ఇంకేదో ఇంటిపేరులా ఉంది. ఆవిడ పుట్టింటిదై ఉంటుందనుకున్నాను. పెళ్లయి యాభై ఏళ్లు దాటిన ఆవిడకి ఇంకా పుట్టింటి పేరేమిటి? మనలో అయితే మూడు ముళ్లు పడ్డ రోజే ఆ పేరుకి నీళ్లు వదిలేస్తాం. ఇక్కడి ఫారాల్లో చూసినా మగవాడి పేరు పక్కన తండ్రి పేరుంటుంది, మన ఆడవాళ్ల పాస్‌పోర్టుల్లో భర్త పేరుంటుంది. ఇన్నేళ్లు వేల పేర్లు కొట్టిన చెయ్యి నాది. పాపం, నాన్న పోయిన దుఃఖంలో కుయా తప్పు రాశాడనుకుని, మధ్యలో ఉన్నది తీసేసి, పెద్దాయన పేరు పెట్టాను. అడగను కూడా అడగలేదు. గాయపడ్డ మనిషిని గుచ్చి అడగడం ఎందుకని జాలి. జాలిపడేవాడి చేతికి కీబోర్డు ఇవ్వకూడదని నాకు తర్వాత తెలిసింది.

పోలీసులకి గుర్తుగా ఉంటుందని తుపాకి ఫొటో కూడా జతచేయమన్నాడు కుయా. నంబరు కనబడేట్టు వాళ్లమ్మ తీసిన ఫొటో. ప్రింటు కొట్టి లేచి వెళ్లేసరికి ప్రింటరు దగ్గర మా ముదీర్, అంటే మేనేజరు, నిలబడి ఉన్నాడు. ఈజిప్టు ఆయన, పెద్ద మనిషి, పెద్ద గొంతు. చేతిలో ఏ-ఫోర్ సైజు రివాల్వరు.

"ఏమిటిది?" అన్నాడు. ఆ ఒక్కసారీ గొంతు చిన్నదయింది.

సంగతంతా చెప్పాను. చెప్తున్నంతసేపూ ఆ కాగితం గురి తప్పించుకుంటూ ఒక్కో అడుగు పక్కకి జరిగాను. కాల్చేది కాగితం మీదున్నా, కాలు నాదే కదా. ఆయన ఫొటోని కాసేపు చూసి, బోర్లించి నా చేతిలో పెట్టాడు.

"ఆయన తండ్రిదా?"

"అవును సార్. పోయారు."

"అల్లా దయ చూడాలి. ఇంకోసారి ఆఫీసు ప్రింటర్లో ఇలాంటివి కనబడితే నిన్ను నేనే కాలుస్తాను. ఎంబసీకి వెళ్లడానికి గేటు ఆయనకి గురువారం సగం రోజు సెలవు రాయి. యల్లా."

ఎంబసీలో కుయా పాస్‌పోర్టు చూశారు, ఆయన సంతకం చూశారు, ముద్ర వేశారు. ఊళ్లో ఉన్న అమ్మ పేరు ఏమిటో వాళ్లకెలా తెలుస్తుంది? ఆయనా చదవలేదు. తర్వాత అడిగితే, "నువ్వు కొట్టావు కదా అని" అన్నాడు. ఆ మాట తిట్టయినా బాగుండేది. కాగితం కొరియర్లో బయల్దేరింది.

అది వాళ్లింటికి చేరేసరికి క్రిస్మస్ దాటింది. జనవరి మొదటి వారంలో ఒక మధ్యాహ్నం నేనూ, కంపెనీ బస్సు నడిపే కడప భాయ్ టైమ్ ఆఫీసులో టిఫిను డబ్బాలు విప్పుకుని ఉన్నాం. కుయా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మాస్కు మీద కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. అవి చాలు.

"వెనక్కి పంపేశారు బ్రదర్. ఆ కాగితంలో ఉన్నావిడ మా అమ్మ కాదట."

వాళ్లమ్మ పంపిన గుర్తింపు కార్డు ఫొటో, నేను కొట్టిన కాగితం పక్కపక్కన పెట్టి చూపించాడు. కార్డులో పేరు మధ్యన ఉన్నది నేను తీసేసిన ముక్కే. అప్పుడు చెప్పాడు. వాళ్లలో ఆడపిల్లకి పెళ్లయితే భర్త ఇంటిపేరు వచ్చి చివర చేరుతుంది కానీ పుట్టింటి పేరు ఎక్కడికీ పోదు, కాస్త జరిగి మధ్యలో కూర్చుంటుంది. పిల్లలు పుడితే వాళ్ల పేర్ల మధ్యలో కూడా అదే పేరు. కుయా పేరు మధ్యలోనూ వాళ్లమ్మ పుట్టిల్లు ఉంది. దాన్ని నేను రోజూ హాజరు పట్టీలో చూస్తూనే ఉన్నాను.

కడప భాయ్ అన్నం ముద్ద చేతిలోనే పట్టుకుని నావైపు తిరిగాడు. "ఏంది సామీ నువ్వు చేసిండేది? బతికుండే ఆయమ్మని కాగితంలో మాయం జేసినావే. తుపాకి లేకుండానే!"

"నాకేం ఎరుక భాయ్. మన దిక్కు గట్లనే ఉంటది గదా."

"మన దిక్కు ఉంటే ఆయప్ప దిక్కు గూడా ఉండాల్నా? అడిగితే నోరు అరిగిపోతాదా? కాసేపైనా ఆగక పేలతాంటావే, ఆ నోరే."

అన్నం సయించలేదు. మా అమ్మ పుట్టింటి ఇంటిపేరు నాకు బాగా తెలుసు. మా మేనమామల ఇళ్ల గోడల మీద, పెళ్లి పత్రికల మీద చూసిన పేరే. కానీ అమ్మ పేరు పక్కన ఎన్నడూ చూడలేదు. రేషన్ కార్డులో లేదు, బ్యాంకు పుస్తకంలో లేదు. నా పాస్‌పోర్టులో తల్లి పేరు అన్న గడిలో కూడా మా నాన్న ఇంటిపేరు తగిలించి నేనే రాశాను. అప్పుడు కూడా నాకేమీ అనిపించలేదు.

తుపాకులు గడప దాటకుండా ఆంక్ష మొదలవడానికి ఇంకా నాలుగు రోజులు. కొత్త కాగితం, ఎంబసీ, కొరియరు... ఏ లెక్కన చూసినా కుదరదు. "అమ్మ స్టేషన్లోనే ఉంది," అన్నాడు కుయా. "కాగితం సరిచేసి తెమ్మన్నారని బెంచీ మీద కూర్చుంది. ఇంటికి వెళ్లమంటే వెళ్లనంటోంది. ఇంట్లో అది ఉందని భయం."

"ఫోన్ కొట్టు," అన్నాను. "ఆఫీసరుతోని నేను మాట్లాడత."

కడప భాయ్ ఇదిగో మళ్లీ మొదలు అన్నట్టు చూశాడు కానీ, లేచి నా వెనకాలే నిలబడ్డాడు.

తెరమీద ముందు ఒక పైకప్పు, ఫ్యాను కనబడ్డాయి. తర్వాత సగం చెవి. ఆ తర్వాత వాళ్లమ్మ. కుయా ఏదో చెప్పగానే ఆవిడ ఫోను తీసుకెళ్లి బల్ల వెనక ఉన్న పోలీసావిడ చేతికిచ్చింది. నాకు తెలిసిన ఇంగ్లీషులోని వినయమంతా కూడగట్టుకున్నాను.

"మేడమ్, కొడుకు సరిగ్గానే రాసిచ్చాడు. దిద్దింది నేను."

"మీరెవరు?"

"టైమ్ కీపర్ని, మేడమ్."

"టైము చూసుకోక ఆవిడ పేరు జోలికెందుకు వెళ్లారు?"

"మా వైపు పెళ్లయిన ఆడవాళ్లకి పుట్టింటి పేరు ఉండదు మేడమ్. అందరికీ అంతే అనుకున్నాను."

ఆవిడ పక్కకి తిరిగి ఎవరికో చెప్పింది. నవ్వులు వినబడ్డాయి. తర్వాత ఆవిడ కుయాతో వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడింది. ఆయన భుజాలు మెల్లగా కిందికి దిగడం చూసి విషయం కొంత అర్థమైంది. ఫోను పెట్టేశాక మిగతాది చెప్పాడు.

"నా కాగితమే అక్కర్లేదట బ్రదర్. భార్య ఉండగా కొడుకు దాకా ఎందుకు, ఈవిడే వారసురాలు, ఈవిడ పేరు మీదే దాచిపెడతాం అంది. నేను వెళ్లి లైసెన్సు తెచ్చుకుంటే అప్పుడు మార్చుకోవచ్చు. ఇన్నాళ్లూ నేను నా పేరు, నా పేరు అంటూ కూర్చున్నాను. అమ్మ పేరుతో అయిపోతుందని ఎవరినీ అడగలేదు."

అడగకపోవడంలో నాకు తోడు దొరికింది కానీ ఆ మాట పైకి అనలేదు.

తుపాకిని ఆవిడ బస్సులో తీసుకురావద్దని, తామే ఇంటికి వస్తామని చెప్పారట. మర్నాడు అదే వేళకి వచ్చారు. టైమ్ ఆఫీసులో కుయా ఫోనుని నా నీళ్ల సీసాకి ఆనించాడు. వాళ్ల వంటిల్లు కనబడింది. పెద్దావిడ స్టీలు డబ్బా మూత తీసి, బియ్యంలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి, ఒక మూట బయటికి తీసింది. పెద్దాయన పాత బనియను. మడతలు విప్పుతుంటే బియ్యపు గింజలు బల్ల మీద రాలాయి. నిన్నటి పోలీసావిడ చేతికి తొడుగు వేసుకుని, తూటాలు తీసి వరసగా పెట్టింది. నంబరు చదివింది. నేను నా దగ్గరున్న కాపీలో ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టుకుంటూ వచ్చాను. సరిపోయింది. తుపాకిని ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి అతికిస్తుంటే కుయా తలమీది టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

రసీదు మీద వాళ్లమ్మ సంతకం పెట్టడానికి చాలాసేపు పట్టింది. మూడు ముక్కలూ రాసింది. పోలీసావిడ బనియను కూడా సంచిలో వేయబోతే, అది ఇటివ్వమంది.

వాళ్లు వెళ్లాక కుయా ఏదో అడిగాడు. ఆవిడ బల్ల మీది గింజలు ఏరుకుంటూ ఏదో అంది. ఆయన నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు.

"ఏడ్చావా అమ్మా అంటే, ఎందుకు, డబ్బాలో ఇంకో రెండు కిలోల బియ్యం పడతాయిప్పుడు అంటోంది." ఫోను నా వైపు తిప్పాడు. "నిన్ను చూపించమంటోంది."

పెద్దావిడ కళ్లజోడు సరిచేసుకుని తెరకి బాగా దగ్గరికి వచ్చింది. ఆవిడ మాటల్ని నాకు, నా మాటల్ని ఆవిడకి కుయా అందించాడు. "నా పేరు కోసింది నువ్వేనా?"

"నేనేనమ్మా. క్షమించండి."

"చెప్పు, నా పేరేంటి?"

మధ్యముక్కతో సహా చెప్పాను. మూడుసార్లు చెప్పించుకుంది. మూడోసారికి తల ఊపి, ఇంకేదో అడిగింది. ఈసారీ కుయానే ఇంగ్లీషులో చెప్పాడు: మీ అమ్మ పేరేంటని అడుగుతోంది, పూర్తిగా.

మా అమ్మ పేరు చెప్పాను. పుట్టింటి ఇంటిపేరు కలిపి, గట్టిగా, మొదటిసారి. ఆవిడ దాన్ని తన నోటికి వీలైనట్టు పలికింది. ఒక అక్షరం మింగేసి, ఇంకో అక్షరం సాగదీసి. నా వెనక కడప భాయ్ కిసుక్కుమన్నాడు. నాకైతే బాగానే వినబడింది.

తుపాకి ఇప్పటికీ ఆ స్టేషన్లోనే, ఆవిడ పేరు మీదే ఉంది. ఆ తర్వాత కుయా రెండుసార్లు సెలవుకి వెళ్లొచ్చాడు. రెండుసార్లూ క్లాసుకీ, పరీక్షలకీ టైము చాల్లేదన్నాడు. నలభై అయిదేసి రోజుల సెలవులు, నేను రాసినవే. అమ్మతో కలిసి సంతకి వెళ్లిన ఫొటోలు, కప్పు మీద రేకులు మార్పించిన ఫొటోలు మాత్రం చూపించాడు. మొన్న మళ్లీ సెలవు దరఖాస్తు కోసం వచ్చాడు. కారణం అన్న గడి దగ్గర ఆగి, ఏం కొట్టమంటావని అడిగాను.

"అమ్మని చూడటానికి," అన్నాడు.

ఉన్నదున్నట్టు కొట్టాను.